ముల్లు లేని కొస

మాఘం. పొడిగాలి.

నేను మాట్లాడితే ఈ పెట్టె విని రాసుకుంటుంది. నా యాస మాత్రం దీనికి గిట్టదు. నేనెలా వాగినా పుస్తకాల తెలుగులోకి దిద్దేస్తుంది. పక్కవాళ్ళు అన్న మాటలు చెబితే మాత్రం ఉన్నవి ఉన్నట్టు దింపుతుంది. దాని తిక్క అది. నాకు ముందు ముళ్ళకర్రలకి కావలి చేసిన ముసలాయన కూడా దీన్ని తిట్టుకుంటూనే వాడాడు. నా తరవాత కత్తెర పట్టేవాళ్ళ కోసం చెబుతున్నాను, చెవిన వేసుకోండి.

నా పేరు పైడమ్మ. ఉండేది ఇరవై ఏడో సొరంగం. ఒకప్పుడు ఇందులోంచి అరకు రైలు వెళ్ళేదట. సముద్రం శృంగవరపుకోట దాకా వచ్చేశాక రైలెక్కడిది? పట్టాలు పీకి మంచాలు చేసుకున్నాం. లోపల పుట్టగొడుగులు పండిస్తాం, బయట కాసిన్ని చోళ్ళు, అదే రాగులు. సొరంగం నోటి ముందు కొండని మెట్లుగా చెక్కి నల్లముళ్ళ దుబ్బులు పెంచుతాం. పాత పుస్తకాల్లో దాన్ని బ్లాక్‌బెర్రీ అన్నారు. ఆ పండు తినకపోతే చిగుళ్ళు నెత్తురు కారి పళ్ళు రాలిపోతాయి. ఆ తరవాత మనిషి ఎన్నాళ్ళో ఉండడు.

అందుకని మా నియమం, మనిషికో దుబ్బు. పేరు కొట్టిన రేకుముక్క దుబ్బుకి కడతాం. మనిషి పోతే దుబ్బు తీసేస్తాం. దుబ్బు పోతే ఆ మనిషి దిగువకి వెళ్ళాలి. దిగువంటే కొండ కింద, ఎప్పుడూ విడవని ఆ పొగమంచులోకి. వెళ్ళినవాళ్ళు ఒక్కరూ తిరిగి రాలేదు.

ఈ రోజు ముసలికర్రలు కోయించాను. దుబ్బు నుంచి లేచిన కర్ర మొదటి ఏడు పచ్చగా ఎదుగుతుంది, రెండో ఏడు కాస్తుంది, కాశాక చస్తుంది. చచ్చినదాన్ని అలాగే ఉంచారో, లోకంలో ఉన్న తెగుళ్ళన్నీ అందులో కాపురం పెడతాయి. నేలమట్టంగా కోసి కాల్చెయ్యాలి. దుబ్బుకి నాలుగైదు కర్రలు చాలు, మధ్యలో గాలి ఆడాలి. ఒక దుబ్బు నుంచి ఇంకో దుబ్బుకి వెళ్ళేముందు కత్తెరని నిప్పులో చూపించాలి. వానలో కత్తెర ముట్టుకోవద్దు. తడిగాయంలోంచే ఎండు తెగులు దిగుతుంది. వీటిలో ఏది మరిచినా నా నోటికి బలైపోతారని ఊరందరికీ తెలుసు.

నా కూతురు నీలవేణికి చైత్రంలో పురుడు. బిడ్డకి దుబ్బు భాద్రపదంలోనే సిద్ధం చేశాం. ఊరికంతటికీ ఒక తల్లిదుబ్బు ఉంది, దాని కర్ర కొస వంచి మట్టిలో పాతితే అక్కడ వేళ్ళు పోసుకుంటుంది. పుట్టబోయే ప్రతి బిడ్డకీ ఆ కొస ఎంచేది గవరమ్మ. మా మంత్రసాని, వరసకి నాకు ఆడపడుచు. బిడ్డకిచ్చే కొసకి ముల్లుండకూడదని ఆచారం. మా చిన్నప్పుడు ముళ్ళు గీకేసి ఇచ్చేవాళ్ళు. ఐదారేళ్ళ నుంచి తల్లిదుబ్బే ముల్లు లేని కర్రలు వేస్తోంది. మొదటిసారి చూసినప్పుడు పండగ చేసుకున్నాం. అప్పటి నుంచి అది కాపు మానేసింది. పిల్లల్ని కనేదానికి కాయలు కూడా ఎందుకని సర్దుకున్నాం.

నా మనవరాలి దుబ్బు కూడా మెత్తని కొసే. మనవడో మనవరాలో నాకెలా తెలుసంటారా? నాకు మనవరాలే కావాలి, అంతే.

మాఘం చివర. మంచు.

గవరమ్మ దుబ్బు నిండా మసి పూసి ఉంది. కర్రలన్నీ పెనం అడుగులా నల్లగా ఉన్నాయి.

"ఇదేంటి గవరమ్మా?"

"దిష్టికి పూసినానొదినా."

"దిష్టి నీ మొహం. తుడువు."

తడిగుడ్డతో తుడిస్తే ఊదారంగు మచ్చలు బయటపడ్డాయి, నడుమ బూడిదరంగు. మచ్చ తెగులు. నాకు ఒళ్ళు మండిపోయింది. దానికి ఏం చెయ్యాలో నాకు తెలుసు. మచ్చలున్న కర్రలు కోసి కాల్చి, మొగ్గ విచ్చేముందు సున్నమూ గంధకమూ కాచి కొడితే అదుపులోకి వస్తుంది. నాతో చెప్పి ఏడవొచ్చు కదా అన్నాను.

"జోగులికీ అలాగే సెప్పినావు గదొదినా. దాలినాయుడు బాబు ఇన్నాడేటి?"

కిందటేడు జోగులు దుబ్బుకి ఇదే తెగులు వచ్చింది. బాగుచేస్తాను, ఒక్క కాపు ఆగండని మా సొరంగం పెద్ద దాలినాయుడికి చెప్పాను. ఒకరికి ఆగితే అందరికీ ఆగాలన్నాడు. జోగులు తన అంబలి గిన్నె చంకన పెట్టుకుని దిగువకి నడిచాడు. అప్పటి నుంచి ఊళ్ళో ఎవరి దుబ్బుకీ జబ్బు లేదు. పూసేవాళ్ళు మసి పూస్తున్నారు, ఆకులు తుంచేవాళ్ళు తుంచుతున్నారు. కావలి వస్తోందంటే దుబ్బుకి అడ్డంగా నిలబడి కబుర్లు మొదలెడతారు. జబ్బు దాచిపెడితే నేనేం మందెయ్యను, నా తలకాయ?

ఫాల్గుణం. మొగ్గ విచ్చింది.

మొగ్గ విచ్చకముందే గవరమ్మ మచ్చకర్రలు గుట్టుగా కాల్చి, పెద్ద దుబ్బులన్నిటికీ గంధకం కాచి కొట్టాం. నా చేతులు, చీర, అంబలి అన్నీ ఒకటే కంపు. నీలవేణి దగ్గరికి రానివ్వడం లేదు.

తల్లిదుబ్బుకి గవరమ్మ చీర చుట్టింది. ఏటా ఈ నెలలో చుడతారు, ఉగాదికి విప్పుతారు. పురిటాల్ని చూసినట్టు దాన్ని ఎవరూ చూడకూడదు, కావలి కూడా. అలాగే పాలపళ్ళు ఊడేదాకా పిల్లల దుబ్బుల్ని నా కత్తెర ముట్టకూడదు. అవి కింది మెట్టు మీద ఉంటాయి. వాటి మంచిచెడ్డలు తల్లులవి. పొద్దున్నే పిల్లలు బుల్లి చెంబులతో వచ్చి ఎవరి దుబ్బుకి వాళ్ళు నీళ్ళు పోస్తారు, తల్లులు తడిగుడ్డతో ఆకులు తుడుస్తారు. బిడ్డ మూతి తుడిచినట్టే తుడుస్తారు. చూడముచ్చటగా ఉంటుందని రోజూ కాసేపు నిలబడేదాన్ని.

ఈ పొద్దున ఒక తల్లి ఆకులు తుడిచి పిండేసిన గుడ్డ రాయి మీద ఆరుతోంది. దాని మీద నారింజరంగు చార ఉంది.

ఫాల్గుణం. అదే వారం.

ఆచారం తప్పాను. కింది మెట్టుకి దిగి పిల్లల దుబ్బుల ఆకులు తిరగేశాను. చిగుళ్ళు పాలిపోయి, పుల్లల్లా సన్నగా గుంపుగా లేచాయి. ఆకు అడుగున నారింజరంగు పొక్కులు, వేలు పెడితే పొడి అంటుకుంటోంది. తుప్పు తెగులు. ముసలాయన చెప్పగా విన్నదే గానీ ఎప్పుడూ చూడలేదు. దానికి మందు లేదన్నాడు. వేళ్ళతో సహా పీకి కాల్చాలి. ఎండలు ముదిరాక దుబ్బు బాగుపడినట్టు కనిపిస్తుంది, నమ్మొద్దన్నాడు. వేరులో కూర్చుంటుందట. చచ్చేదాకా వదలదట.

ఒక్కో దుబ్బూ తడుముతూ వెళ్ళాను. పొక్కులున్న ప్రతి కర్రా నున్నగా ఉంది. పై మెట్టుకి పరిగెత్తి పెద్దవాళ్ళ దుబ్బుల్లో చెయ్యి దూర్చాను. గుచ్చుకుంది. పక్కది గుచ్చుకుంది. పిల్లలవి మాత్రం ఒక్కటీ గుచ్చుకోలేదు. ఆ మెత్తదనం వరం కాదు తల్లీ, జబ్బు. మనం ఏరి ఏరి జబ్బుకొసల్నే బిడ్డల పేర పాతాం.

నా మనవరాలి దుబ్బు చివర్న ఉంది. దాని ఆకు తిప్పే ధైర్యం రాక కాసేపు దాని పక్కనే కూలబడ్డాను. తరవాత తిప్పాను. ఉంది.

గవరమ్మని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి తల్లిదుబ్బుకి చుట్టిన చీర విప్పించాను. లోపలి వైపంతా నారింజరంగు పొడి.

"అది తల్లి బొట్టొదినా," అంది గవరమ్మ. "ఉగాదికి ఆ సీర పిల్లగుంటల దుబ్బుల మీద దులుపుతాం గదా. సల్లగుండాలని."

"ఏటా దులిపావా?"

"ఏటా దులిపినాను."

ఇంకేం చెప్పను. నేను చెప్పేలోపే ఆవిడకి అర్థమైంది. నోట్లో కొంగు కుక్కుకుని అక్కడే కూర్చుండిపోయింది. తల్లులకి ఇదంతా తెలియదు, పొడి కనిపిస్తే బిడ్డని దిగువకి పంపుతారన్న భయం మాత్రం తెలుసు. అందుకే తుడుస్తున్నారు. తుడిచిన గుడ్డలు పెద్ద దుబ్బుల మీదే ఆరేస్తున్నారు.

ఫాల్గుణం చివర. తూర్పు గాలి.

దాలినాయుడి దగ్గరికి వెళ్ళాను. ఆయన తన దుబ్బు పక్కనే పీట వేసుకుని కూర్చుంటాడు. పై మెట్టులో మొదటిది ఆయనది. తల్లిదుబ్బునీ పిల్లల దుబ్బులనీ వాన పడేలోగా పీకి కాల్చాలని చెప్పాను. లేకపోతే ఈ పొడి గాలికి లేచి పెద్ద దుబ్బులన్నిటికీ దిగుతుందన్నాను. పిల్లలకి మా పళ్ళలోంచి తలా కాస్త పెడదామన్నాను. ముళ్ళున్న కొసలు మళ్ళీ పాతితే మూడేళ్ళలో తేరుకుంటామన్నాను.

ఆయన నెమ్మదిగా విన్నాడు. కోప్పడలేదు, అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఎంతమంది పిల్లగుంటలప్పా?" అన్నాడు, నన్ను అక్క వరస పెట్టి.

"పదకొండు మంది. నా కూతురి కడుపులోది కాక."

గడ్డం నిమురుకున్నాడు. "అయితే దిగువకి దారి బాగుసేయించాల. సిన్నకాళ్ళు గదా, ఆ రాళ్ళల్లో నడవలేరు."

నేను వినకూడనిది విన్నానేమో అనుకున్నాను. ఆయన మొహంలో ఏమీ లేదు. దారి సంగతే ఆలోచిస్తున్నాడు.

"పిల్లలు బాబూ! పాలపళ్ళు ఊడని పిల్లలు!"

"నాకు తెల్దేటప్పా? ఒకడి పండు ఇద్దరు తింటే ఇద్దరికీ సిగుళ్ళు పోతాయి. జోగులు నా మేనల్లుడు. ఆడికి లేని మాట ఈళ్ళకి ఎలా ఉంటాది?" తరవాత గొంతు తగ్గించాడు. "నీ మనవరాలి సంగతి ఏరు. నువ్వు పెద్దదానివైపోనావు. నీ దుబ్బు దాని పేర కొట్టిస్తాను. మిగతాది నాకొగ్గెయ్."

నిజం చెబుతాను. సరే అనబోయాను. నాలుక చివరిదాకా వచ్చింది. నీలవేణి కడుపు మీద చెయ్యి వేసుకుని నడిచే నడక కళ్ళలో మెదిలింది. ఆలోచించుకుంటానని లేచి వచ్చేశాను. ఇంటికొచ్చి నీలవేణికి చెబితే అది నన్ను అదోలా చూసింది.

"మరి పక్క మంచం పిల్లకో అమా?" అంది.

చైత్రం. ఉగాది వెళ్ళింది.

మనవరాలే. నల్లటి పిల్ల, నాలాగే గయ్యాళి గొంతు. నీలవేణి క్షేమంగా ఉంది. పిల్లని ఒళ్ళో పెట్టుకుంటే చెప్పలేనంత సంతోషం, ఆ వెనకే చెప్పలేనంత భయం.

ఈ ఉగాదికి గవరమ్మ చీర దులపలేదు, పొయ్యిలో పెట్టింది. అయినా ఈ పొద్దున పిల్లలు చప్పట్లు కొడుతుంటే బయటికొచ్చి చూశాను. ఎదురు కొండ వాలు మీద అడవిముళ్ళ పొదలు నారింజరంగుకి తిరిగాయి. ఊరంతా నిలబడి చూస్తోంది, ఎంత బాగా పూసిందోనని. పూత కాదు. నీళ్ళతొట్టి మీద పల్చని నారింజ తెట్టు కట్టింది. గాలి ఎటు వీస్తోందో చూడ్డానికి వేలు తడిపి పైకెత్తాను. మా వైపే.

కింద మగవాళ్ళు పారలతో రాళ్ళు తొలగిస్తున్నారు. ఎందుకని అడిగితే దారి బాగుచేస్తున్నామన్నారు. ఎవరి కోసమని వాళ్ళు అడగలేదట, దాలినాయుడు చెప్పలేదట.

చైత్రం. పంపకాల రోజు.

ఈ మధ్యాహ్నం అందరూ పుట్టగొడుగుల వంతులకి లోపలికి వెళ్ళగానే నేనూ గవరమ్మా పని మొదలెట్టాం. ఆలోచన నాదే. దుబ్బులు పీకక తప్పదు. పీకితే ఎవరిది పోయిందో రేకు చెబుతుంది. రేకు లేకపోతే? పై మెట్టు నుంచి కింది మెట్టు దాకా ప్రతి దుబ్బుకీ ఉన్న రేకు తెంపాం, నాదీ, గవరమ్మదీ, దాలినాయుడిదీ. ఏ దుబ్బూ ఎవరిదీ కాకపోతే ఎవరిని పంపుతాడు? ఉన్న పండు అందరూ పంచుకోవలసిందే. ఇంత చిన్న ఉపాయం ఇన్నేళ్ళూ తట్టలేదేమని నన్ను నేనే తిట్టుకున్నాను కూడా.

తరవాత పిల్లల దుబ్బులు పీకాం. పన్నెండూ పీకాం. వేరు ముక్క కూడా మిగలకుండా మోకాలి లోతు తవ్వాం. నా మనవరాలిది పీకేటప్పుడు గవరమ్మ మొహం తిప్పుకుంది. చివర్న తల్లిదుబ్బు. దాని మొదలు నా నడుమంత ఉంది. అన్నిటినీ తడిగోనెల్లో చుట్టి పొడి లేవకుండా గుంటలో పడేసి నిప్పు పెట్టాం. రేకుల్ని అదే మంటలో పడేశాం.

పొగ చూసి ఊరంతా బయటికొచ్చింది. దాలినాయుడు ఖాళీ గుంటల్ని చూశాడు, రేకుల్లేని దుబ్బుల్ని చూశాడు. నా వైపు చూసి, పాపం అన్నట్టు తలాడించాడు.

"ఎవురి దుబ్బు కాడ ఆళ్ళు నిలబడండి," అన్నాడు.

ఎంత పిచ్చిదాన్ని నేను! పుట్టినప్పటి నుంచి నీళ్ళు పోసి, పండు కోసి, ముళ్ళు గుచ్చుకున్న దుబ్బుని మనిషి రేకు చూసి గుర్తుపడతాడా? ఒక్కొక్కరూ కదిలారు. ఎవరి దుబ్బు మీద వాళ్ళు చెయ్యి వేసుకుని నిలబడ్డారు, ముల్లు దిగుతున్నా తియ్యలేదు. తల్లులు మాత్రం ఎటూ కదలక పిల్లల్ని గట్టిగా పట్టుకున్నారు.

పిల్లలు ఆగుతారా? దుబ్బు దగ్గరికి వెళ్ళమంటే వాళ్ళకి తెలిసింది ఒకటే. చేతులు విడిపించుకుని, గోడవార చెంబులు తెచ్చుకుని, కింది మెట్టుకి పరిగెత్తారు. ఎవరి గుంట దగ్గర వాళ్ళు నిలబడ్డారు. ఒక్కరు కూడా తప్పు గుంట దగ్గర నిలబడలేదు. ఖాళీ గుంటల్లో నీళ్ళు పోశారు.

దాలినాయుడు వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు. నేను అరిచాను, తిట్టాను, ఆయన కాళ్ళ మీద పడ్డాను. నా అరుపు సొరంగంలోకి వెళ్ళి తిరిగి నాకే వినిపించింది.

చైత్రం. మబ్బు.

కింది మెట్టు దగ్గర పిల్లలకి గోనెగుడ్డలు చెప్పుల్లా కడుతున్నారు. ఆ లోపు ఇది చెప్పి, ఈ పెట్టెని గవరమ్మ చేతికిచ్చేస్తాను. కత్తెర నిన్ననే ఇచ్చాను.

తల్లులందరూ పిల్లలతో వెళ్తున్నారు. నీలవేణి పిల్లని కొంగుతో వీపుకి కట్టుకుంది. నా దుబ్బు పిల్ల పేర రాయిస్తానని దాలినాయుడు పొద్దున మళ్ళీ అన్నాడు. అప్పటికే దాన్ని పీకేశాను. వేళ్ళు తడిగోనెలో చుట్టి భుజాన వేసుకున్నాను. మంచి ముళ్ళున్న దుబ్బు. దిగువన ఎక్కడో ఒకచోట, అడవిముళ్ళకి దూరంగా కాస్త నేల దొరికితే పాతుతాను. దొరక్కపోతే ఏమవుతుందో అడక్కండి. ఎదురు కొండంతా ఎర్రబారింది. మా దారి అందులోంచే.

బయల్దేరేముందు అలవాటు కొద్దీ పై మెట్టు దుబ్బుల్లో చెయ్యి దూర్చుకుంటూ నడిచాను. ప్రతిదీ గుచ్చింది. చెయ్యంతా నెత్తురైనా ప్రాణం కుదుటపడింది. మొదటి దుబ్బు దగ్గరికొచ్చేసరికి లోపలి లేతకర్ర ఒకటి వేలికి మెత్తగా తగిలింది. కింది నుంచి కొస దాకా మళ్ళీ తడిమాను. ఒక్క ముల్లు లేదు. ఆకు తిప్పి చూశాను.

"ఏటప్పా సూస్తున్నావు?" అన్నాడు పీట మీద నుంచి దాలినాయుడు.

"ఏం లేదు బాబూ. పిల్లలు కదా, పొద్దుపోతే నడవలేరు," అన్నాను.

గవరమ్మా, తుప్పు పట్టిన దుబ్బుని ఏం చెయ్యాలో నీకు తెలుసు. వాన పడేలోగా పీకు. పట్టపగలు, ఊరంతా చూస్తుండగా పీకు. అది ఎవరిదో నువ్వు చెప్పక్కర్లేదు. ఎవరి దుబ్బు దగ్గర వాళ్ళని నిలబడమను, చాలు. దారి గురించి బెంగపడొద్దని ఆయనతో చెప్పు. రాళ్ళన్నీ తనే తీయించాడు.